బోనులో మా నాయన చెయ్యి

తిరుత్తణిలో మా వీధి మలుపున ఒక నాయకుడి సిమెంటు విగ్రహం ఉంది. చుట్టూ ఇనుప బోను, దానికి తాళం, ఎదురుగా కుర్చీలో ఒక పోలీసు. బతికున్నప్పుడు ఆయనకి ఇంత కాపలా ఉండేదో లేదో.

మొహం ఆ నాయకుడిదే. ఎత్తిన కుడిచెయ్యి మాత్రం మా నాయనది. శిల్పికి దొరికిన ఫోటో భుజాల దాకానే ఉందట. అందుకని అదే వీధిలో మా ఇంట్లో మగ్గం నేస్తున్న మా నాయనను పిలిచి, చెయ్యెత్తి నిలబడమన్నాడు. వంకర తిరిగిన చిటికెనవేలు కూడా అట్లాగే వచ్చింది.

"ఊరంతా నా చేతికే దండం పెడతా ఉండారు" అని నాయన నవ్వేవాడు.

ఆయన పోయిన రోజు నేను కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పనిలో ఉన్నాను. ఫోను గేటు దగ్గర పెట్టి లోపలికి పోవాలి. కబురు తెలిసి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. మా ఇంట్లో ఎవరైనా పోతే, సొంత మగ్గం మీది బట్ట కప్పాల్సింది పెద్దకొడుకు. నా బదులు చిన్నాన్న కొడుకు కప్పాడు.

అప్పటినుంచి ఆ చెయ్యి నన్నే పిలుస్తున్నట్టు ఉండేది. నేను కాపురముండే మణవాళనగర్ నుంచి అమ్మను చూడడానికి వచ్చినప్పుడల్లా సందుల్లో పడి చుట్టూ తిరిగి ఇల్లు చేరేవాణ్ణి. పిరికితనమే, ఒప్పుకుంటాను.

ఈమధ్య ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే నాయకుల విగ్రహాలకి ముసుగు వేస్తారు మా వైపు. ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను రెక్క పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళింది. బోను తెరిచి ఉంది. మున్సిపాలిటీ మనిషి నిచ్చెనెక్కి తెల్లబట్ట చుడుతున్నాడు. మొహం అప్పటికే కప్పేశాడు. తెల్లబట్టలోంచి చెయ్యి ఒక్కటే బయటికి ఉంది.

"ఆ చెయ్యి ఒగటి వదిలేయప్పా" అంది అమ్మ.

"కుదరదమ్మా. మొత్తం మూసేయమని ఆర్డరు వేసినారు."

అమ్మ బతిమాలలేదు. నా వైపు తిరిగింది.

"అయితే నువ్వే కప్పు. ఇంగ యాడికి పోతావు?"

ఆ మనిషి ఏమనుకున్నాడో, కిందికి దిగి నన్ను ఎక్కనిచ్చాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగులుతుందని భయపడ్డాను. ఎండకి సిమెంటు కాగిపోయి ఉంది, జ్వరమొచ్చిన మనిషి చెయ్యిలాగా.

"ఆలస్యమైంది నాయనా" అన్నాను, పైకే.

బట్ట కప్పాను. ముడి వేయమని కింది నుంచి ఆ మనిషి రెండుసార్లు చెప్పాడు. ఆ చెయ్యి వదలడం నా వల్ల కాలేదు.