మెర్ల్ డాబిన్స్ మట్టి చూస్తాడు

మెర్ల్ డాబిన్స్ తాను నడిచి చూడని ట్రాక్ మీద బండి తోలడు. ఆ ట్రాక్ కంప్యూటర్ లోపల ఉన్నా సరే, తోలడు.

నిజం ట్రాకులున్న రోజుల్లో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. స్టేడియంలో ట్రక్కు పందెమంటే ముందు లారీల మీద మట్టి రావాలి. బంతాట ఆడే పచ్చిక మీద దాన్ని పోసి, గుట్టలు కట్టి, గుంటలు తీసి, మలుపుల్లో గడ్డి మోపులు పేర్చాలి. రెండు రోజులు బండ్లు దాని మీద ఎగిరి దూకాక మళ్లీ లారీలకెత్తి పట్టుకుపోతారు. ప్రతి ట్రాకూ కొత్తదే కాబట్టి, పందేనికి ముందు తోలేవాళ్లంతా దాని మీద నడుస్తారు. మట్టిని బూటుతో తన్ని చూస్తారు. గుట్ట మీద నిలబడి అవతల ఏముందో కనిపెడతారు. మెర్ల్ సగం జీవితం అలాగే నడిచాడు. అప్పట్లో నడవనివాణ్ణే పిచ్చివాడనేవాళ్లు.

ఇప్పుడు ఆ పందేలు మా వైపు రావడం లేదు. ఈ మొహావీ ఎడారి అంచున మట్టికి లోటు లేదు గానీ స్టేడియమే లేదు. మిగిలింది డార్లా ప్రూయిట్ టైర్ల షాపు వెనక గది. అందులో ఎనిమిది పాత కంప్యూటర్లు, వాటిని కలుపుతూ నేలంతా తీగలు, బల్లలకు బిగించిన ఎనిమిది ఆట స్టీరింగులు. ఆదివారం మధ్యాహ్నం ట్రక్కు పందేల ఆట. కిందటి వారం గెలిచినవాడు ఇంటి దగ్గర కొత్త ట్రాక్ కట్టి తెస్తాడు. స్టేడియంలో లాగే అది అక్కడికొచ్చేదాకా ఎవరి కంటా పడకూడదు. అందరూ తలా ఒక సాధన చుట్టు తిరిగాక పందెం మొదలవుతుంది.

ఏడుగురం ఆ చుట్టు నిమిషంలో ముగిస్తాం. మెర్ల్ ముందు చెప్పులు విడిచి బూట్లు తొడుగుతాడు. తాడు బిగిస్తాడు. టోపీ వెనక్కి తోసి బండిని మనిషి నడిచే వేగంతో కదుపుతాడు. మేం కాళ్లు చాపుకుని కూర్చుంటాం. బీన్స్ కూరి చుట్టిన రొట్టెలు, బురిటోలు, పొట్లం విప్పి తినేసి చేతులు కూడా తుడుచుకుంటాం. మెర్ల్ ఇంకా రెండో మలుపులోనే ఉంటాడు.

ఊరికే పోయినా బాగుండును. పైకి చెబుతూ పోతాడు.

"మొదట చిన్న గుట్ట. వెంటనే ఇంకోటి. రెండూ ఒక్క దూకుడులో దాటచ్చు. తర్వాత ఎడమకి, బాగా ఎడమకి. గడ్డి మోపులు దగ్గరగా పెట్టాడు వెధవ. ఇక్కడ నీళ్లు ఎక్కువ కొట్టారు. జారుతుంది."

"పెద్దాయనా, అది మట్టి కాదు. చుక్కలు. రంగు చుక్కలు," అన్నాడు ట్రెంట్. ట్రెంట్ ఇన్సూరెన్సు ఏజెంటు. మా అందరికంటే చిన్నవాడు, అందరికంటే వేగం, పైగా ఆ రెండూ తన ప్రతిభే అనుకుంటాడు.

"చుక్కలే. కానీ తడి చుక్కలు," అన్నాడు మెర్ల్.

ఒకసారి బల్ల మీద పడ్డ దుమ్మును వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, ఇవాళ మట్టి పల్లపు పొలాల నుంచి తెచ్చారు, జిగురుంది అన్నాడు. ఇంకోసారి ట్రాక్ మధ్యలో బండి ఆపి, నీళ్ల ట్యాంకరు వచ్చి పోయేదాకా ఆగుదామన్నాడు.

"ఈ ఆటలో నీళ్ల ట్యాంకరు లేదు మెర్ల్," అంది డార్లా.

"లేదని తెలుసు. అందుకే ఆలస్యమవుతోంది."

అతని నడకను అందరికంటే ఎక్కువ తిట్టేది హెక్టర్ ఒలీవాస్. ఈ ఊళ్లో తిరిగే బండ్లలో సగానికి గేరుబాక్సు విప్పి బిగించిన చెయ్యి హెక్టర్‌ది. స్టేడియం రోజుల్లో మెర్ల్‌కి బద్ధ ప్రత్యర్థి. ఒక పందెంలో మెర్ల్ తన బండిని గోడకు నొక్కాడని ఇప్పటికీ చెబుతాడు. తాను నొక్కలేదనీ, గోడే దగ్గరికొచ్చిందనీ మెర్ల్ అంటాడు. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. హెక్టర్‌కి రెండోవైపు కుర్చీ నాది కాబట్టి ఆ తిట్లన్నీ నా చెవి మీదుగానే పోతుంటాయి.

"నోరు ముయ్యరా ముసలోడా. ట్రాక్ చూస్తున్నావా, ఇల్లు అమ్ముతున్నావా?"

"కొనేవాడివైతే చెప్పు. మూడో మలుపులో గుంట కూడా ఉంది."

"ఏ పక్క?"

"కుడి పక్క. లోతు."

"నీ బతుక్కి అదొక్కటే తక్కువ," అంటాడు హెక్టర్, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ. హెక్టర్ ఎవరి ముఖంలోకీ చూసి మాట్లాడడు. నీతో మాట్లాడుతూ నీ చెవి పక్కకి చూస్తాడు. గేరుబాక్సు వాళ్లకి ఆ మాత్రం గర్వం ఉంటుందని మేం సరిపెట్టుకున్నాం.

ఇంతగా తిట్టుకునే వీళ్లిద్దరూ షాపుకి వచ్చేది ఒకే బండిలో. మెర్ల్ తోలుతాడు, హెక్టర్ పక్కన కూర్చుని అతను తోలే తీరును తిడతాడు. కారణం అడిగితే, తన బండి బాగులేదని హెక్టర్ చెబుతాడు. ఏడాది దాటినా అది బాగవలేదు.

మెర్ల్ నడక సంగతి నన్ను తొలిచేసింది. నేను ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతాను. కారణం లేని అలవాటు కనిపిస్తే నాకు అన్నం సహించదు. మొదట మూఢనమ్మకం అనుకున్నాను. కాని అచ్చిరాదని అందరూ వదిలేసే పదమూడో నంబరు బండి అతను కావాలని అడిగి మరీ తీసుకుంటాడు. పక్కవాళ్లను విసిగించి గెలిచే ఎత్తు అనుకున్నాను. కాని అతను గెలిచిన పాపాన పోలేదు. మా కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పే ఆవిడ విని, కళ్లు సగం మూసి, అది పోయిన కాలం కోసం శోకం అంది. శోకంలో ఉన్నవాడు పూటకు మూడు బురిటోలు తినడు. నేను ఒప్పుకోలేదు.

చివరికి అతన్నే అడిగాను. "మెర్ల్, నిజంగా ఎందుకు నడుస్తావు?"

"మోకాళ్లకి మంచిది ప్రొఫెసరూ," అన్నాడు, కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా.

మార్చి నెలలో ట్రెంట్ ఓపిక చచ్చింది. ఆ రోజు సాధన చుట్టులో మెర్ల్ ఒక గుట్ట ఎక్కి అవతలి నుంచి గాలి ఎటు వీస్తోందో ఆలోచిస్తున్నాడు. ట్రెంట్ లేచి నిలబడ్డాడు.

"ఓటు వేద్దాం. సాధన చుట్టు తీసేద్దాం. ట్రాక్ అందరికీ కొత్తదే కదా, నేరుగా పందెంలోకి దిగుదాం."

చేతులు టపటపా లేచాయి. ఉంచాలనేవాళ్లు ఎత్తండి అంది డార్లా. మెర్ల్ ఎత్తాడు. కాసేపటికి, చెవి గోక్కోవడానికి బయల్దేరినట్టు బయల్దేరి, ఇంకో చెయ్యి పైకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. అది హెక్టర్‌ది.

అందరి తలలూ అటు తిరిగాయి.

"హెక్టర్, నువ్వా?" అంది డార్లా.

"తిమ్మిరెక్కింది," అన్నాడు హెక్టర్, చెయ్యి దించకుండా.

నాకు ఆ రాత్రి అన్నం అసలే సహించలేదు.

ఇక్కడ డార్లా షాపు నియమం ఒకటి చెప్పాలి. వరసగా రెండు ఆదివారాలు పందెం పూర్తి చెయ్యలేనివాడు కుర్చీ ఖాళీ చెయ్యాలి. ఎనిమిది కుర్చీలకోసం బయట టైర్ల దొంతరల మీద కూర్చుని కాచుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మిగతా మాకు కుర్చీ పోతే ఆదివారం పోతుంది, అంతే. హెక్టర్ సంగతి వేరు. తన గేరుబాక్సుల షాపు అమ్మేశాక అతనికి ఉన్నది ఆదివారం ఒక్కటే. సోమవారం పొద్దున్నే డార్లాకి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం పందెం ఉందా అని అడుగుతాడు. ఉందంటుంది. మంగళవారం మళ్లీ చేస్తాడు.

నడక లేని మొదటి ఆదివారం హెక్టర్ రెండో గుట్ట దగ్గర గడ్డి మోపుల మీదకెక్కి వెల్లకిలా పడ్డాడు. ఆ ఆటలో తిరగబడ్డ బండిని మనమే కుదిపి నిలబెట్టుకోవాలి. హెక్టర్ కుదిపీ కుదిపీ ఇంకా పక్కకు పోయాడు. పందెం అయిపోయింది.

"స్టీరింగు పాడైంది," అన్నాడు.

చిత్రమేమిటంటే మెర్ల్ బండి కూడా అతని పక్కనే ఆగిపోయి ఉంది.

"నీకేమైంది?" అన్నాడు ట్రెంట్.

"క్లచ్ పోయింది."

"ఈ ఆటలో క్లచ్ లేదు పెద్దాయనా."

"మరి అదే చెబుతున్నా. పోయింది."

అంటే మరో ఆదివారం ఇలాగే జరిగితే ఇద్దరి కుర్చీలూ గోవిందా. ఆ వారమంతా హెక్టర్ డార్లాకి ఫోన్ చెయ్యలేదు. డార్లాయే చేసింది. బండి బాగులేదు, రానేమో అన్నాడట. మెర్ల్ మాత్రం ఆదివారం అతన్ని బండిలో పడేసి తెచ్చాడు. బలవంతంగా ఎత్తుకొచ్చాడని హెక్టర్ అందరికీ ఫిర్యాదు చేశాడు.

రెండో ఆదివారం ట్రాక్ కూడా ట్రెంట్ కట్టిందే. జెండా ఊగగానే అందరం దూసుకుపోయాం. మెర్ల్ వెనకబడి, హెక్టర్ ముందు చేరి, గొణగడం మొదలుపెట్టాడు. నడక పోయినా నోరు పోలేదని మేం నవ్వుకున్నాం.

"ఇదేం ఖర్మరా, మళ్లీ జంట గుట్టలు. ఎడమకి తిప్పాలట, ఎడమకి. నా మెడ పట్టేసింది. ఇక్కడ గుంట కుడి పక్కనా? ఎవడు తవ్వాడు దీన్ని, వాడి చేతులు విరగ. యాక్సిలరేటరు వదిలితే చచ్చామే."

"నోరు ముయ్యరా," అన్నాడు హెక్టర్, బండిని సరిగ్గా ఎడమకి తిప్పుతూ.

నాకు నాలుగో చుట్టులో వెలిగింది. అప్పటికే నేను మోపుల్లో ఇరుక్కుని ఉన్నాను, అందుకని తీరిగ్గా పక్క తెరలు చూస్తున్నాను. గుట్ట తగిలాక మనిషి తిట్టాలి. మెర్ల్ గుట్ట రాకముందే తిడుతున్నాడు. గుంటలో పడకముందే అబ్బా అంటున్నాడు. తిట్టు ముందు, గుట్ట తర్వాత, ఆ వెంటనే వెనకాల హెక్టర్ బండి చక్కగా దూకడం.

హెక్టర్ వైపు తిరిగాను. అతను తెరను చూడటం లేదు. పందెం మధ్యలో, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, గోడ మీది క్యాలెండరును చూస్తున్నాడు. నేను అతని ముఖానికీ తెరకీ మధ్య బురిటో ఊపాను. క్యాలెండరుకేసే చూస్తూ, "ఆ బురిటో తీసెయ్ ప్రొఫెసరూ, అడ్డం," అన్నాడు. అంటే కంటి కొసలతోనే చూడగలడు, చూపుకు మధ్యలో ఏమీ లేదు. ఎవరి ముఖంలోకీ చూడని ఆ గర్వం, ఏడాదైనా బాగవని ఆ బండి, నా కళ్ల ముందే ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

చివరి చుట్టులో హెక్టర్ మలుపు కాస్త తొందరపడి తిప్పి మోపుల మధ్య ముక్కు దూర్చాడు. ఇంజను అరుస్తోంది, చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. మెర్ల్ అప్పటికే ముందుకెళ్లిపోయాడు. గెలుపు గీత ఎదురుగానే ఉంది. బండి తిప్పాడు. వెనక్కి తోలాడు. అతని తెరంతా ఎర్రగా వెలిగి, దారి తప్పు, వెంటనే తిరుగు అని పెద్ద అక్షరాలు కొట్టుకోసాగాయి. ఆ ఆటలో ఎదురు తోలినవాడి పందెం అక్కడితో రద్దు. మెర్ల్ ఎదురుగా వచ్చి హెక్టర్ బండిని ఒక్కటి ఇచ్చాడు. అది తిన్నగా అయింది.

"ఎవడ్రా నన్ను గుద్దింది?"

"నేనే. దారికడ్డంగా నిలబడితే గుద్దనా? ఇక తిన్నగా పో, యాక్సిలరేటరు వదలకు. పోవేం, నీకు ఆహ్వానం పంపాలా?"

హెక్టర్ తిన్నగా పోయి గీత దాటాడు. అతని తర్వాత గీత దాటినవాడు లేడు, అయినా దాటడం దాటడమే. మెర్ల్ తెర మీద ఎర్ర అక్షరాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

"ఆ గుర్తు కనిపించలేదా?" అంది డార్లా.

"ఏ గుర్తు?" అన్నాడు మెర్ల్. ఆ వెలుగుకి అతని ముఖం టమాటా పండులా ఉంది.

నియమం నియమమే. మెర్ల్ బూట్ల తాళ్లు విప్పుకుని కుర్చీలోంచి లేచాడు. టైర్ల మీద కూర్చున్న ఒకాయన వచ్చి ఆ కుర్చీలో స్థిరపడ్డాడు.

బయట టాకోలనే మడత రొట్టెల బండి దగ్గర మెర్ల్‌ని పట్టుకున్నాను. "హెక్టర్‌కి చూపు ఎప్పటినుంచి ఆనడం లేదు?"

"ఎవరన్నారు? వాడు గుడ్డివాడు కాదు, వట్టి మొండివాడు. నువ్వు కాలేజీలో ఎక్కువ చదివావు, అందుకే లేనివి కనిపిస్తాయి." టాకో మీద నిమ్మకాయ పిండుకున్నాడు. "ఈ మాట వాడి దగ్గర అన్నావంటే నిన్నూ గోడకు నొక్కుతాను."

"అంటే అప్పుడు హెక్టర్‌ని నిజంగానే నొక్కావన్నమాట."

మెర్ల్ టాకో నమలడంలో మునిగిపోయాడు.

దీన్ని త్యాగమనీ స్నేహధర్మమనీ ఎవరైనా అంటే మెర్ల్ బూటు విసురుతాడు. నేనూ అనను. నాకు తెలిసిందల్లా, ఏడాదికి పైగా మేం బురిటోలు తింటూ విసుక్కున్న ఆ నడకలో ఒక్క అడుగు కూడా వృథా పోలేదని.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం కూడా రాలేదు. పందెం అయ్యాక మొత్తం ఆటను పైనుంచి మళ్లీ చూపించే ఏర్పాటు ఆ కంప్యూటర్లో ఉంది. తన గెలుపు ఇంకోసారి చూసుకోకుండా ట్రెంట్ ఇంటికి వెళ్లడు. ఆ రోజు నేను సంచీ కోసం లోపలికి వెళ్లేసరికి అతను చూస్తున్నది తన బండిని కాదు. వెనకాల పాకుతున్న రెండు బండ్లని. ఒకటి వెనక్కి తిరిగి వచ్చి రెండోదాన్ని గుద్దడం చూశాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని చూశాడు.

తర్వాతి ఆదివారం ఎనిమిది కుర్చీలూ నిండాయి. మెర్ల్ చేతులు కట్టుకుని హెక్టర్ కుర్చీ వెనక నిలబడ్డాడు.

"కుర్చీ పోయినవాడికి ఇక్కడేం పని?" అన్నాడు టైర్ల మీద నుంచి వచ్చిన కొత్తాయన.

"నడవకూడదని ఓటేశాం. నిలబడకూడదని వెయ్యలేదు," అంది డార్లా.

ట్రెంట్ కొత్త ట్రాక్ తెర మీదికి తెచ్చాడు. జెండా ఊపాల్సిన మీట మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. తన గోళ్లు చూసుకుంటూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు.

"పెద్దాయనా, ఈ మట్టి నాకు సరిగ్గా కుదిరినట్టు లేదు. మొదలెట్టే ముందు ఒక్కసారి తిరిగి చూసి చెప్పరాదూ? తొందరేం లేదు."

డార్లా నోట్లో బురిటో అలాగే ఉండిపోయింది. మెర్ల్ ట్రెంట్ వంక ఒక క్షణం చూశాడు. తర్వాత వంగి, చెప్పులు విడిచి, బూట్లు తొడుక్కుని, తాడు బిగించాడు. హెక్టర్ భుజం మీదుగా వంగి స్టీరింగు అందుకున్నాడు. బల్ల మీది దుమ్ము వేళ్ల మధ్య నలిపాడు.

"నీళ్లు ఎక్కువ కొట్టావురా అబ్బీ," అన్నాడు. "సరే. మొదట చిన్న గుట్ట. ఆ తర్వాత..."

"మళ్లీ మొదలెట్టాడు. ఎవరైనా వీడి నోరు మూయించండి," అన్నాడు హెక్టర్, క్యాలెండరు వైపు చూస్తూ, చెవి మాత్రం మెర్ల్‌కి దగ్గరగా జరుపుతూ.

మేమంతా పొట్లాలు విప్పుకున్నాం.