మంచె దిగిన వేటగాడు

నా పేరు నార్బర్ట్ జాస్ట్రో. ముప్ఫై ఒక్కేళ్ళు పాల ట్యాంకరు నడిపాను. విస్కాన్సిన్ పడమటి కొండల్లో నేను ఎరగని పశువుల కొట్టం లేదు, నన్ను తరమని కుక్క లేదు. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి పొట్ట కూడా ఉద్యోగంతో పాటే పెరిగింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గానీ పొట్ట ఇంకా డ్యూటీలోనే ఉంది.

విల్లు పట్టి ఇరవై ఏడేళ్ళు జింకల్ని కొట్టాను. అన్నీ చెట్టు మీంచే. ఇరవై అడుగుల ఎత్తున మానుకి ఇనప మంచె బిగించుకుని, దాని మీద దొరబాబులా కూర్చునేవాణ్ణి. పైన కూర్చున్నవాడికి తెలివితో పెద్దగా పనుండదు. జింక తలెత్తి చూడటం తక్కువ. మన ఒంటి వాసన దాని తల మీదుగా పోతుంది. కాస్త కదిలినా, ముక్కు గోక్కున్నా చెల్లిపోతుంది. అది కిందికొస్తుంది, మనం బాణం వదులుతాం, ఆ తర్వాత ఏడాది పొడుగునా మన నైపుణ్యం గురించి మనమే చెప్పుకుంటాం. నేను చాలా చెప్పుకున్నాను.

నేల మీద కూర్చుని వేటాడేవాళ్ళంటే నాకు నవ్వు. మా వైపు అలాంటి మనిషి ఒక్కతే, ఇర్మా హోల్టే గారు. స్కూలు బస్సు నడిపి రిటైరైన డెబ్బై మూడేళ్ళ మనిషి. బోర్లించిన బకెట్టు మీద, ఏదో ఒక చెట్టు మొదట్లో, ఆలుగడ్డలు చెక్కుతున్నట్టుగా కూర్చుంటుంది. ఏటా ఒక జింకని కొడుతుంది. ఆవిడకి ఎత్తంటే భయమని మా క్యాంపులో అందరం తేల్చేశాం. ముందుగా తేల్చింది నేనే.

నాలుగేళ్ళ కిందట నేను మంచె మీంచి పడ్డాను. ఎవరైనా అడిగితే మంచె పట్టీ తెగిందని చెబుతాను. అసలు జరిగింది వేరు. చేతిలోంచి సాండ్‌విచ్ జారుతుంటే పట్టుకోబోయాను. ఒంటికి బిగించుకోవలసిన రక్షణ పట్టీలు ట్రక్కులో భద్రంగా ఉన్నాయి. మడమ, భుజం విరిగాయి. సాండ్‌విచ్‌కి ఏమీ కాలేదు, పైగా దాన్ని పట్టుకునే ఉన్నానని నన్ను మోసుకెళ్ళినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఆసుపత్రిలో మా ఆవిడ ఆర్లిస్ మంచం పక్కన కూర్చుని నెమ్మదిగానే చెప్పింది. "చూడు నార్బ్, ఇక మీదట నీ కాళ్ళు నేల వదిలాయని తెలిస్తే, ఆ కాళ్ళు మళ్ళీ మన గడప దాటి లోపలికి రావు. తెలిసిందా?"

"బల్బు మార్చాలంటే?" అన్నాను.

"చీకట్లో కూర్చుందాం," అంది.

అక్కడితో నా మంచె చరిత్ర ముగిసింది. వేట మానేస్తే గొడవ లేకపోను. కానీ మా క్యాంపు సంగతి చెప్పాలి. క్యాంపంటే ఆర్లిస్ పుట్టింటివాళ్ళది, అడవి అంచున రేకుల కప్పు ఉన్న ఒంటిగది. అక్కడ ఎప్పట్నుంచో ఒక కట్టుబాటు ఉంది. మూడు సీజన్లు వరసగా ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడు విల్లు పక్కన పెట్టి గరిటె పట్టాలి. పొద్దున అందరూ అడవికి పోతుంటే వాడు ఉల్లిపాయలు తరగాలి. మా మామగారి తమ్ముడు ఎమిల్ పదకొండేళ్ళు ఆ గరిటె పట్టాడు. అందరూ వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడి, బూట్ల జాడలు చూస్తూ ఉండేవాడు. నేనే ఒకసారి మరిచిపోయిన చేతితొడుగుల కోసం వెనక్కి వచ్చి ఆయన్ని అలా చూశాను. ఆ చూపు నాకు నచ్చలేదు. మొన్న వసంతంలో ఎమిల్ పోయాడు. గరిటె పొయ్యి పక్కన మేకుకి వేలాడుతోంది. గరిటె పట్టినవాడు మళ్ళీ విల్లు పట్టిన దాఖలా మా క్యాంపులో లేదు.

మడమ అతుక్కున్న ఏడాదికి మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాత నేల మీద నా మొదటి సీజను. ఒక పొదలో చోటు నరుక్కుని కూర్చున్నాను. గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు, చెట్టు మీద ఎప్పుడూ చూసుకున్న పాపాన పోలేదు గనక. మూడు గంటలు ముందుకే చూస్తూ కూర్చుంటే, నా మెడ మీద వేడిగా ఊపిరి తగిలింది. ఆ వెంటనే చెవి పక్కన పెద్ద తుమ్ము. ఆడ జింక. అది ఎటు పారిపోయిందో నాకు తెలియదు, ఎందుకంటే అదే సమయంలో నేను రెండోవైపు పారిపోతున్నాను.

రెండో సీజన్లో గాలి చూసుకున్నాను. పన్నెండు అడుగుల్లోకి ఒక దుప్పి వచ్చింది కూడా. నేను విల్లు లాగడం అది కళ్ళారా చూసింది. నేను బాణం వదిలేసరికి అది లేదు, దాని వెనకున్న చిన్న చెట్టు మాత్రం ఉంది, బాణం దానికి దిగింది. తప్పిన బాణానికి మా దగ్గర శిక్ష ఏమిటంటే, తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి క్యాంపు గోడకి కొడతారు. కత్తిరించింది మా బావమరిది డెల్మర్, ఆర్లిస్‌కి తమ్ముడు. కోళ్ళని కోసే పెద్ద కత్తెరతో.

"కదలకు బావా, కాస్త వంకర పోతే మా అక్క నన్ను తిడుతుంది," అన్నాడు. తర్వాత గోడ మీది గుడ్డ ముక్క చూసి, "ఒక జెండాకి సరిపోతుంది. మనిషి వెడల్పు ఎప్పుడూ వృథా పోదు," అన్నాడు. మేకుకి ఉన్న గరిటె తీసి నా చొక్కా జేబులో పెట్టి కొలత చూశాడు. "వచ్చే ఏడాదికి అలవాటు చేసుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్తూ దారిలో ట్రక్కు ఆపి కాసేపు కూర్చున్నాను.

మొన్న సెప్టెంబరులో సిగ్గు విడిచి ఇర్మా గారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో టొమాటోలు ఏరుతోంది.

"నేల మీద వేట నేర్పండి ఇర్మా గారూ," అన్నాను.

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "పొద్దున ఏం తిన్నావ్ అబ్బాయ్?"

"బేకన్."

"ఆ పందిమాంసం వాసన ఇక్కడిదాకా వస్తోంది. వేట రోజున అది తింటే ఇంట్లోనే ఉండు. మూడు మైళ్ళ అవతల జింకకి కూడా నీ టిఫిను తెలిసిపోతుంది."

నన్ను అడవిలోకి తీసుకెళ్ళింది. "పొదలో దూరకు. వీపు వెనక నీకంటే లావు మాను ఉండాలి. అప్పుడే నీ ఆకారం దాన్లో కలిసిపోతుంది. నీకంటే లావైనవి ఈ కొండ మీద రెండే ఉన్నాయి, రా చూపిస్తా." కాళ్ళ కింది ఎండుటాకులు మట్టి కనబడేదాకా ఊడవమంది. జింక కన్ను ఏదైనా చెట్టు చాటుకి వెళ్ళినప్పుడే విల్లు లాగమంది. "అంతవరకు చెయ్యి కదలకూడదు. దురద పెట్టినా, ముక్కు కారినా సరే."

ధైర్యం చేసి అడిగేశాను. "మీకు ఎత్తంటే భయమటగా?"

"నాకా? పెళ్ళికి ముందు గాదెల కప్పులకి రంగులేసేదాన్ని. పైన చలెక్కువ అబ్బాయ్. అంతే."

నెలంతా మా షెడ్డులో బకెట్టు మీద కూర్చుని విల్లు లాగడం సాధన చేశాను. భుజం కోసం విల్లు బిగువు తగ్గించుకున్నాను. మొదటి బకెట్టు మూడో రోజునే పగిలింది. ఆర్లిస్ వచ్చి, కింద పడి ఉన్న నన్నూ ముక్కల్నీ చూసి, "కాళ్ళు నేల మీదే ఉన్నాయిగా, ఇది లెక్కలోకి రాదులే," అని వెళ్ళిపోయింది.

అక్టోబరు వెళ్ళిపోయింది. నవంబరు సగమైంది. తుపాకుల సీజను మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం వచ్చింది, నా చేతులు ఇంకా ఖాళీ. మా క్యాంపు లెక్కలో విల్లు వేట ఆ సాయంత్రంతో సరి, నా మూడు సీజన్లూ పూర్తవుతాయి. పొద్దున క్యాంపులో డెల్మర్ గరిటెకి ఎర్ర రిబ్బను కట్టి ఉంచాడు.

మధ్యాహ్నం రెండింటికి ఇర్మా గారు చూపించిన ఓక్ మాను మొదట్లో కూర్చున్నాను. ఓట్స్ మాత్రమే తిన్నాను. గాలి వాగు వైపు నుంచి నా మొహానికి కొడుతోంది. నా వెనక నూటయాభై అడుగుల దూరంలో, గట్టు మీద డెల్మర్ మంచె. వాడు అక్కడెందుకు ఎక్కాడో నాకు తెలుసు, నేను చేసే వెధవపని దగ్గరుండి చూసి రాత్రి భోజనాల దగ్గర చెప్పడానికి.

మూడు దాటాక వెనక నుంచి ధబ్బున చప్పుడైంది. ఒంటి మీద తేళ్ళు పాకినట్టయింది. వీడు ఏటా కాఫీ ఫ్లాస్కు కింద పడేస్తాడు. ఈరోజు కావాలనే పడేశాడని మనసులో వాణ్ణీ, వాడి అక్కకి తెలియకుండా వాడి వంశాన్నీ తిట్టుకున్నాను. వెనక్కి తిరగలేదు. తల తిప్పకూడదని ఇర్మా గారు చెప్పింది.

అప్పుడు చూశాను. వాగు అవతల, మొక్కజొన్న చేను అంచున ఒక దుప్పి. ఆ చప్పుడుకే బిగుసుకుపోయినట్టుంది, తలెత్తి గట్టు వైపే చూస్తోంది. చాలాసేపు చూసింది. నేను ఊపిరి కూడా వాయిదాల మీద తీసుకున్నాను. తర్వాత ఒక్కో అడుగూ వేసింది. వాగులో దిగింది, నీళ్ళు తాగింది, ఆగింది. నా ముక్కు కారి మీసం మీదికొచ్చింది. రానిచ్చాను. వెనక డెల్మర్ ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. వీడికి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందా అనుకున్నాను.

దుప్పి పదిహేను అడుగుల్లోకి వచ్చింది. నేల మీద కూర్చుంటే దాని కళ్ళు మన కళ్ళకి ఎదురుగా ఉంటాయి. చెట్టు మీంచి చూసిన ఇరవై ఏడేళ్ళలో దానికి అన్ని రెప్పవెంట్రుకలు ఉంటాయని నాకు తెలియలేదు. నాకు భయమేసింది. దాని తల ఒక బర్చ్ చెట్టు చాటుకి వెళ్ళింది. విల్లు లాగాను. భుజం కెవ్వుమంది, నేను అనలేదు. ముందుకాలి వెనకగా గురి పెట్టి వదిలాను. బాణం దూరి అవతలకి పోయింది. దుప్పి ఎగిరి, పొదలు విరుచుకుంటూ పరుగెత్తింది.

బాణం తగిలాక అరగంట కదలకూడదు. వెంటపడితే దెబ్బతిన్న జింక భయంతో మైళ్ళు పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుతుంది. మా దగ్గర పిల్లలకి ప్రార్థనకంటే ముందు ఇదే నేర్పుతారు. గడియారం చూసుకుని, విల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళకి మనిషినయ్యానని అనిపించింది. రాత్రి భోజనాల దగ్గర ఏ మాటతో మొదలుపెట్టాలా అని కూడా ఆలోచించాను.

"బావా." వెనక నుంచి డెల్మర్. గొంతు బొంగురుగా ఉంది.

నోరు ముయ్యమని చెయ్యి ఊపాను.

"బావా, తగిలిందా?"

బొటనవేలు పైకెత్తి చూపించాను, తల తిప్పకుండానే, మహా దర్జాగా.

"అయితే కాస్త ఇటు రా."

అరగంట అయ్యాక వస్తానని గడియారం మీద కొట్టి చూపించాను. నాకు ఒళ్ళు మండింది. పెద్దవాణ్ణి, ఇరవై ఏడేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నియమం తెలియనివాణ్ణా? మరో రెండు మూడు నిమిషాలు అలాగే కూర్చున్నాను.

"నిచ్చెన పడిపోయింది బావా," అన్నాడు. "కాళ్ళు తెలియట్లేదు."

అప్పుడు తిరిగాను. మంచె పలక ఒకవైపు ఒరిగిపోయి ఉంది. నిచ్చెన ఆకుల్లో పడి ఉంది. డెల్మర్ పట్టీల్లో, తీగ మీద ఆరేసిన చొక్కాలా, పన్నెండు అడుగుల ఎత్తున వేలాడుతున్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. సంచీ, ఫోనూ పై కొమ్మకి తగిలించి ఉన్నాయి.

ఎలా పరుగెత్తానో నాకు గుర్తులేదు. నిచ్చెన ఎత్తి మానుకి ఆనించాను. వాడి పాదం మెట్టు మీద నిలబడటం లేదు, జారిపోతోంది. కాళ్ళలో ప్రాణం లేదు. ఇక తప్పక ఎక్కాను. ఆర్లిస్ గుర్తుకొచ్చింది, అయినా ఎక్కాను. ఐదో మెట్టు మీద నా మోకాళ్ళు ఎంతగా కొట్టుకున్నాయంటే నిచ్చెన మొత్తం ఊగింది.

"నువ్వు వణకడం ఆపితే నేను దిగుతా," అన్నాడు డెల్మర్.

వాడి తొడలు భుజానికెత్తుకున్నాను. వాడు బరువు నా మీద వేసి పట్టీ కొక్కెం విప్పుకున్నాడు. ఒక్కో పాదం నా చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతూ దింపాను. కింద ఆకుల్లో ఇద్దరం కుప్పకూలాం.

"ఎంతసేపైంది రా?"

"అది వాగు దాటకముందే."

ధబ్బుమన్నది ఫ్లాస్కు కాదు. లెక్కేసుకున్నాను. పాతిక నిమిషాలకి తక్కువ కాదు. పట్టీల్లో అంతసేపు వేలాడి, కాళ్ళలో నెత్తురు నిలిచిపోయి బతకనివాళ్ళ సంగతి మా క్యాంపులో అందరికీ తెలుసు. చివరి నిమిషాలు నా దర్జా వల్ల.

"నోరు పడిపోయిందా? ఒక్క కేకేస్తే వచ్చేవాణ్ణి కదరా!"

"కేకేస్తే అది పారిపోదూ?" తొడలు పిసుక్కుంటూ పళ్ళు బిగబట్టాడు. "పడగానే చూశా, నీ వైపే వస్తోంది. కాళ్ళు మానుకి తన్నిపెట్టి ఊరుకున్నా. నీ వంట పదకొండేళ్ళు తినే ఓపిక నాకు లేదు బావా."

నాలుగేళ్ళుగా నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించింది వీడే. నా చేతికి గరిటె ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడనే అనుకున్నాను. నా సొంత తెలివితో కొట్టానని కూర్చుని మురుస్తున్నంతసేపూ వీడు నోరు కుట్టుకుని వేలాడాడు. సిగ్గేసింది. వాడు బతికి ఉన్నందుకు ఏడుపొచ్చింది.

"ఎక్కడ తగిలింది?" అన్నాడు.

"ఊపిరితిత్తులకి."

"మరెందుకు ఏడుస్తున్నావ్?"

వాడి బూట్లు విప్పాను. మంచులా ఉన్న పాదాలు రెండూ నా చొక్కా కింద పొట్టకి ఆనించుకుని, పిక్కలు రుద్దుతూ కూర్చున్నాను. మొదట కుడికాలి వేళ్ళు కదిలాయి. చాలాసేపటికి ఎడమవి. పొద్దు గూకుతోందని, దుప్పిని వెతకాలని డెల్మరే గుర్తుచేశాడు.