సెలవు అక్కర్లేని పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో ఎవరైనా "బాగున్నావా?" అని పలకరిస్తే చాలు, ఎందుకడుగుతున్నాడా అని ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఇండస్ట్రియల్ పార్కులో ఆ కాంట్రాక్టు కంపెనీలో పనిచేసిన వాళ్ళెవరికీ అప్పుడు నవ్వు రాలేదు. నేను చేరినప్పుడు మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట దాకా కంపెనీ బస్సు వచ్చేది. క్యాంటీన్ భోజనంలో గుడ్డు ఉండేది, ఏడాదికో జత బూట్లు, జబ్బు చేస్తే ఆసుపత్రి కార్డు. ముందు బస్సు పోయింది. తర్వాత గుడ్డు సగమైంది (మిగతా సగం ఎవరు తింటున్నారన్నది మా షిఫ్టులో చాలాకాలం నడిచిన చర్చ). బూట్లు 'వచ్చే నెల' అయ్యాయి. చివరికి రెన్యువల్ అని చెప్పి కార్డులు తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. ఇదేమిటని క్యాంటీన్‌లో గట్టిగా మాట్లాడిన ఇద్దరిని మర్నాడు గేటు లోపలికి రానివ్వలేదు. ఆ మాట ఆఫీసుకు ఎవరు మోశారో తెలియదు. దాంతో ప్రతివాడూ పక్కవాణ్ణి అనుమానించడం మొదలుపెట్టాడు, అందరికంటే ఎక్కువ నేను. నా పక్కనే వెల్డింగ్ చేసే బెంగాలీ గుండు దాదా (వాళ్ళ భాషలో దాదా అంటే అన్న) ఒక్కడినే నమ్మేవాణ్ణి, అదీ ఆయన దాదాపు మాట్లాడడు గనక.

ఒక సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చి మా బల్ల మీద కూర్చున్నాడు. నా పేరడిగాడు. (నేను చెప్పకముందే తలూపాడు. అక్కడే నాకు తేడా కొట్టింది.) "బాబూ, ఈ కంపెనీలో ఆసుపత్రి కార్డు ఇత్తారేటి? సెలవులు దొరుకుతాయా?" అన్నాడు. గుండు దాదా టీ గ్లాసు వెనక నుంచి "శాబ్‌ధాన్! ఆఫీస్ కా ఆద్మీ" అని గొణిగాడు, జాగ్రత్త, ఆఫీసు మనిషి అని. నా వెన్ను నిటారైంది.

"కార్డెందుకండి? నాకు జబ్బులే రావు," అన్నాను.

"మరి సెలవులో?"

"నాకు సెలవంటే పడదండి. మొన్న మా అయ్య ఆసుపత్రిలో ఉన్నా డూటీకే వచ్చినాను."

ఆ చివరి మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియదు గానీ, చెబుతుంటే బాగానే అనిపించింది. ఆయన టీ సగంలో వదిలేసి, నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఉద్యోగం నిలబెట్టుకున్నానని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ ఆదివారం పక్కపేట తాల్‌బగీచాలో నాకు పెళ్ళిచూపులు. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన అయ్య, అమ్మ, నేను వెళ్ళాం. గుమ్మం దాటేసరికి ఎదురు కుర్చీలో ఆ తెల్లచొక్కాయే! అమ్మాయి మేనమామట. ఆఫీసు వాళ్ళు ఇక్కడ కూడా మనిషిని పెట్టారా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. ఆయన అయ్యతో, "ఒంట్లో ఎలాగుందండి? ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చినారు?" అన్నాడు.

అయ్య నా వైపు తిరిగాడు. "నానెప్పుడు పోయినానురా ఆసుపత్రికి?"

మేనమామ జరిగిందంతా చెప్పి, "తండ్రి కోసమే రానోడు రేపు మా పిల్ల కోసం వత్తాడేటండి?" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది (నవ్వుకో ఏడుపుకో ఇప్పటికీ చెప్పదు). ఇక దాచడానికేముంది? బస్సు, గుడ్డు, బూట్లు, కార్డు, ఉద్యోగం పోయిన ఆ ఇద్దరు, అన్నీ చెప్పేశాను. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయే అడిగింది. "మరి ఇన్ని పోతంటే మీరేటి సేసినారు?"

"ఏటీ సెయ్యలేదు."

"ఎందుకు?"

"భయమేసింది."

ఆమె మేనమామ వైపు తిరిగి, "ఇదొక్కటీ నిజమే సెప్పినారు మావయ్యా," అంది.

సోమవారం ఆఫీసు తలుపు తట్టి కార్డు సంగతి అడిగాను. ధైర్యం కాదు, ఆమెకు మళ్ళీ అదే జవాబు చెప్పాల్సి వస్తుందన్న సిగ్గు. అడిగి వెనక్కి తిరిగితే గుండు దాదా నిలబడి ఉన్నాడు, ఆయన వెనక షిఫ్టంతా. "హమారా భీ," అన్నాడాయన, మా కార్డులు కూడా అని. నెల తిరిగేసరికి కార్డులొచ్చాయి. బస్సు రాలేదు, ఆ ఇద్దరినీ తిరిగి తీసుకోలేదు.

ఆ సంబంధమే ఖాయమైంది. పెళ్ళికి షిఫ్టులో అందర్నీ పిలిచాను, అందరూ వచ్చారు. గుండు దాదాకు ముగ్గురు ఆడపిల్లలున్నారని, ఆయన హాయిగా పాడతాడని నాకు అక్కడే తెలిసింది. రెండేళ్ళు పక్కన కూర్చుని తిన్న మనిషి! అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడైతే నవ్వుకుంటాను. కాకపోతే క్యాంటీన్‌లో అంతమంది మధ్య కూర్చుని, ఎవరివైపూ చూడకుండా ఒంటరిగా అన్నం తిన్న అప్పటి నన్ను తలుచుకుంటే పాపం అనిపిస్తుంది.