‘సారుకు చెప్పండి’ అనే బటన్

ముందుగా యావత్ రసాయన శాస్త్రానికి, కదిరిలో నేను చదివిన డిగ్రీ కాలేజీకి, తెలుగు పాఠక లోకానికి సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్నాను. మహానుభావుల గురించి రాయవలసిన చోట ఒక మగ్గు గురించీ, ఒక గాజు గొట్టం గురించీ రాయబోతున్నాను. వేరే దారి లేదు. మా కెమిస్ట్రీ సారు పోయిన ఆదివారం పొద్దున, కాఫీలో చక్కెర తక్కువైందని భార్యకు ఫిర్యాదు చేసి, రెండో కప్పు వచ్చేలోపే వెళ్ళిపోయారు.

ఆయన దగ్గర చదివినవాళ్ళం తలా ఒక ఊళ్ళో ఉన్నాం కాబట్టి సంతాప సభ వీడియో కాల్‌లో పెట్టుకున్నాం. చిలమత్తూరు నుంచి కలిసిన మిత్రుడు మైకు ఆపడం మరిచిపోయాడు. రెండు నిమిషాల మౌనమూ వాళ్ళ మేకే మాట్లాడింది. సారు ఉంటే మేకకు కూడా హాజరు వేసేవారు.

మేం చేరిన ఏడాది కాలేజీ బోరు ఎండిపోయింది. ల్యాబులో కొళాయి తిప్పితే దగ్గు తప్ప ఏమీ వచ్చేది కాదు. ప్రిన్సిపాల్ గారు ఎనిమిది కంప్యూటర్లు తెప్పించి, వాటిలో వర్చువల్ ల్యాబు పెట్టించి, "ఇంక నీళ్ళతో పనే లేదు" అంటూ టెంకాయ కొట్టారు. ఆ ఏడాది ల్యాబులో ధారగా పారిన ద్రవం ఆ టెంకాయ నీళ్ళే.

ఆమ్లం తెర మీదే, క్షారమూ తెర మీదే. చుక్కలు కొలిచే పొడుగాటి గాజు గొట్టం, అదే బ్యూరెట్టు, అదీ తెర మీదే. మౌస్ నొక్కితే చుక్కలు పడి, ఫ్లాస్కులో ద్రావణం గులాబీ రంగుకు తిరిగేది. సారు దాన్ని ఆటగా చూడనివ్వలేదు. ఏప్రాన్ లేనిదే మౌస్ ముట్టనిచ్చేవారు కాదు. ప్రయోగం అయ్యాక గుమ్మం దగ్గర బకెట్టు, తలా సగం మగ్గు నీళ్ళు.

"మేం పట్టుకునింది మౌస్ కదా సార్?" అన్నాను ఒకసారి.

"ఏమప్పా, యాసిడ్ పోసి చెయ్యి కడుక్కోకుండా పోతాండావే! ఈడ అలవాటు తప్పితే, రేపు నిజమైనది పట్టుకున్న పొద్దు అదే చేత్తో కన్ను తుడుచుకుంటావు. కడుగు."

కడిగాను.

ముప్పైమందికీ ఒకే రీడింగు వచ్చిన రోజు మాత్రం ఆయనకు దిగులు పట్టుకుంది. "అందరికీ ఒకటే వచ్చినాదంటే ఒక్కరూ చూడలేదనే" అన్నారు. నిజం బ్యూరెట్టు ఒక్కసారి కూడా ముట్టకుండానే మేం పట్టా పుచ్చుకుని పోతామేమోనని ఆయన భయం. అందుకని శనివారాలు ఇంటి నుంచి స్కూటర్ మీద క్యానుతో నీళ్ళు తెచ్చేవారు. ల్యాబులో మిగిలిన ఒకే ఒక్క బ్యూరెట్టును తువ్వాలులో చుట్టి బీరువాలో దాచి, ఆ రోజు బయటికి తీసేవారు. వారానికి నలుగురైదుగురికి వంతు.

ఆ నీళ్ళు ఆయన భార్య ట్యాంకరు దగ్గర నిలబడి పట్టుకున్నవి. ఒకసారి మా ఎదుటే ఆమె నిలదీసింది. "ఈ నీళ్ళతో ఇంట్లో పప్పు ఉడకాల్నా, నీ పిల్లోళ్ళ సీసాలో రంగు మారాల్నా?"

"రెండూ కావాల. పప్పు రోంత గట్టిగా చెయ్యి" అన్నారు సారు.

మాతో మాత్రం ఇలా అనేవారు: "తెర మీద నూరుసార్లు చెయ్యండి. ఈడ ఒకేసారి. ఆ ఒకటి బాగా రావాలంటే ఆ నూరూ కావాలప్పా."

నా వంతు వచ్చింది. ఆఖరి చుక్కకు లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది. తెర మీద అంతకు ముందు ఎన్నిసార్లు చూశానో. ఊపిరి బిగబట్టింది మాత్రం ఆ ఒక్కసారే.

తర్వాతి శనివారం తువ్వాలు విప్పితే బ్యూరెట్టు కొస విరిగి ఉంది. ఇంకా ఎనిమిదిమంది మిగిలి ఉన్నారు, పరీక్షలకు నెల కూడా లేదు. "ఎవరప్పా?" అన్నారు సారు. ముప్పైమందిమీ నేల చూపులు చూశాం. మళ్ళీ అందరికీ ఒకే రీడింగు.

ఆయన దాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయారు. వారం తిరిగేసరికి విరిగిన కొసకు రబ్బరు గొట్టం తొడిగి, దాని చివర కంటిమందు డ్రాపరు గాజు ముక్క బిగించి, మధ్యలో బట్టల క్లిప్పు పెట్టి తెచ్చారు.

"ఇప్పుడిది మీ మాదిరే ఉండాది. రోంత కారతాది, అయినా పని చేస్తాది."

మిగిలిన ఎనిమిదిమందీ దానితోనే చేశారు. ఆ తర్వాత సారు నన్ను పిలిచారు.

"నువ్వు కంప్యూటర్లో ఏదేదో గెలుకుతాంటావు కదా. పగిలే బ్యూరెట్టు ఒకటి చెయ్యి. ఈ తెరలోది ఎంత దౌర్జన్యం చేసినా పగలదు. అట్లాంటిదాంతో చెయ్యి ఏం నేర్సుకుంటాది?"

"పగిలితే ఏం రావాల సార్? ఫెయిల్ అని పెడదామా?"

"అదేం వొద్దు. ‘సారుకు చెప్పండి’ అని ఒక బటన్ పెట్టు. నొక్కితే కొత్తది రావాల. అంతే. నేనేం కొరుకుతానా?" అని నా వైపు చూశారు. కాస్త ఎక్కువసేపే చూశారు.

పరీక్షలయ్యాక రెండు వారాల్లో చేసిచ్చాను. బ్యూరెట్టు అడుగునుండే చిన్న కొళాయి వేగంగా తిప్పితే ఫట్. మొదటి రోజే సారు ఏడుసార్లు పగలగొట్టి, ఏడుసార్లూ తనకు తానే చెప్పుకుని, పడీపడీ నవ్వారు. ఆ వెంటనే వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

ఇప్పుడు నేను హిందూపురం వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తున్నాను. సగం మగ్గు నీళ్ళతో చేతులు కడుక్కునే నా విద్య చూసి తోటివాళ్ళు నవ్వుతారు. సంతాప సభ అయ్యాక, జూనియర్లు ఇప్పటికీ వాడుతున్న ఆ పగిలే బ్యూరెట్టు పేజీ తెరిచాను. కొళాయి విసురుగా తిప్పాను. పగిలింది. బటన్ వచ్చింది.

నా వంతు వచ్చిన ఆ శనివారం బ్యూరెట్టు కడిగి పెట్టమని సారు నాకే అప్పగించారు. ఒక చేత్తో నా గులాబీ రంగు ఫ్లాస్కుకు ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ, ఇంకో చేత్తో కడిగాను. చుక్క నీళ్ళు రాని ఆ కొళాయికే తగిలి కొస విరిగింది. తువ్వాలులో చుట్టేసి వచ్చేశాను.

నేనే సార్.

బటన్ నొక్కాను. తెర మీద కొత్త బ్యూరెట్టు వచ్చి నిలబడింది, నిండుగా.