ఒకే కారుకి రెండు మాడ్యూళ్లు

2005 ఏప్రిల్‌లో రాజమండ్రిలో ఒక కార్ల డీలరు వర్క్‌షాపులో వర్క్స్ మేనేజర్‌గా చేరాను. అప్పటికి ఈ వృత్తిలో నాకు ఇరవై రెండేళ్ల అనుభవం, దాంతోపాటు వచ్చిన కాస్త పొగరు ఉన్నాయి. కారు గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా జరిగే ప్రతి పనికీ వర్క్స్ మేనేజరే జవాబుదారీ. నా కింద ఇద్దరు సూపర్‌వైజర్లు, పధ్నాలుగు మంది మెకానిక్కులు ఉండేవారు. ఇంజన్ మాడ్యూల్‌ని ప్రోగ్రామ్ చేసే సర్టిఫికెట్ వాళ్లలో ఒక్క సత్తిబాబుకే ఉండేది. కార్బురేటర్ల కాలం నాటి మనిషి. నలభై దాటాక చెన్నై వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష రాసి ఆ కాగితం తెచ్చుకున్నాడు.

మే నెల మధ్యలో, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రాజుగారి కారుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చారు. స్టార్టర్ తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. కారులోని లోపాలు చదివే స్కానర్ తగిలిస్తే మాడ్యూల్ అసలు పలకడం లేదు. ఎంత పెట్రోలు చల్లాలి, ఎప్పుడు నిప్పురవ్వ ఇవ్వాలి అని ఇంజన్‌కి చెప్పే చిన్న కంప్యూటరే ఈ మాడ్యూల్. ఆ కారులో అది ఎడమవైపు ముందు సీటు దగ్గర, కాళ్ల పక్కనున్న ప్లాస్టిక్ పలక వెనకాల ఉంటుంది. పలక తీసి చూశాం. వైర్లు వచ్చి కలిసే సాకెట్టు బయటికి శుభ్రంగానే కనిపించింది. మాడ్యూల్ పోయిందని తేల్చి చెన్నైకి ఆర్డరు పెట్టాను.

కొత్త మాడ్యూల్ ఖాళీ పలకలాంటిది. ల్యాప్‌టాప్‌తో అందులోకి ప్రోగ్రామ్ ఎక్కించాలి. ఆ తర్వాత ఆ కారు తాళంచెవిని దానికి పరిచయం చేయాలి, లేకపోతే ఇంజన్ అందుకోదు. ప్రోగ్రామ్ ఎక్కే ఇరవై, పాతిక నిమిషాలూ బ్యాటరీ వోల్టేజీ పడిపోకూడదు, అందుకే కరెంటుతో నడిచే ఛార్జరు తగిలించి ఉంచుతాం. మధ్యలో పడిపోతే మాడ్యూల్ పనికిరాకుండా పోవచ్చు. సత్తిబాబు ఆ పని ఒక మధ్యాహ్నం చేశాడు. కారు మొదటి తిప్పుకే స్టార్టయింది. మర్నాడు డ్రైవరు వచ్చి తీసుకెళ్లాడు.

ఆరో రోజున అదే కారు మళ్లీ తాడుతో వచ్చింది. స్కానర్ తగిలించాను. కొత్త మాడ్యూల్ కూడా పలకలేదు. అన్నేళ్లలో కొత్తగా వేసిన మాడ్యూల్ వారం తిరక్కుండా చచ్చిపోవడం నేను చూడలేదు. చెన్నైలోని కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎక్కించేటప్పుడు కరెంటు పోయి ఉంటుందని, చేసిన మనిషి పేరు రాసి రిపోర్టు పంపమని అన్నాడు. మరి కారు అన్ని రోజులు ఎలా తిరిగిందని నేనూ అడగలేదు.

సత్తిబాబుని పిలిచి ఆ రోజు కరెంటు పోయిందా అని అడిగాను. పోయిందని ఒప్పుకున్నాడు. ముందుజాగ్రత్తగా రెండో బ్యాటరీ కలిపి ఉంచానని, వోల్టేజీ పన్నెండు దాటే ఉందని చెప్పాడు. చేసిన పనంతా రాసే జాబ్ కార్డు తెప్పించి చూస్తే కరెంటు మాటా లేదు, వోల్టేజీ మాటా లేదు. నాకు ఒళ్లు మండింది.

"వైరింగులో ఏదో ఉందండి, నాకు అనుమానంగా ఉంది" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట అని అందరూ వినేలా అన్నాను. ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. నిర్లక్ష్యంగా ప్రోగ్రామింగ్ చేశాడని, సర్టిఫికెట్ రద్దు చేయాలని అందులో సిఫారసు చేశాను. మర్నాడు పొద్దున్న ఫ్యాక్స్ పంపించి, ఎనిమిదింటికి షెడ్డులో అందరూ నిలబడే మీటింగులో దాన్ని గట్టిగా చదివాను. మిగతావాళ్లకి బుద్ధి వస్తుందనుకున్నాను.

మీటింగు అయ్యాక సత్తిబాబు నా దగ్గరికి వచ్చాడు. "ఆ కారు ఒక్క గంట నాకొదిలేయండి సార్. తప్పు నాదని తేలితే నా అంతట నేనే వెళ్లిపోతానండి" అన్నాడు. పని మానేస్తాడన్నమాట. సరేనన్నాను, ఏం తేలుతుందిలే అనుకుంటూనే.

ముందు సీటు విప్పి కిందకు దింపాడు. సీటు బోల్టు చుట్టూ తెల్లటి పొడి ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ఛీ, ఏంటా పని అని కసిరాను.

"ఉప్పండి" అన్నాడు.

కార్పెట్ పైన పొడిగానే ఉంది. పట్టుకుని ఎత్తాడు. కింద మందపాటి ఫెల్టు గుడ్డ నీళ్లు ఓడుతోంది, గుప్పున నీచు వాసన కొట్టింది. ఇనుప రేకు మీద తుప్పు పొరలు లేచి ఉన్నాయి. ఆ తడిలో సన్నగా, కనురెప్ప వెంట్రుకల్లా ఏవో అంటుకుని ఉన్నాయి. వంగి చూస్తే చచ్చిన రొయ్య పిల్లలు! కారులో రొయ్యలేంటని కాసేపు నా బుర్ర పనిచేయలేదు.

మాడ్యూల్‌కి వెళ్లే వైర్ల అతుకు ఆ ఫెల్టు కిందే, టేపు చుట్టి ఉంది. వత్తి నూనె పీల్చినట్టు ఆ వైర్లు ఉప్పునీటిని లోపల్లోపలే పైకి పీల్చాయి. సత్తిబాబు సాకెట్టు విడదీసి చూపించాడు. బయటికి శుభ్రంగా కనిపించిన దాని లోపల పిన్నులన్నీ పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. మొదటి మాడ్యూల్‌ని తిన్నదీ, రెండోదాన్ని తిన్నదీ ఆ చిలుమే.

రాజుగారికి ఫోన్ చేశాను. ఆయన దాచిందేమీ లేదు. తుని అవతల గుడ్లు పొదిగించే హేచరీ నుంచి సముద్రపు నీళ్ల సంచుల్లో సీడు, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లల్ని, తెచ్చుకుంటారట.

"ఏసీ లేకపోతే దార్లోనే చచ్చిపోద్దండి. అందుకే కార్లో వేసుకొస్తాం. సంచులన్నాక ఒకటో రెండో కారతాయి కదండీ. అయినా మీరెప్పుడడిగారండి?" అన్నారు.

నిజమే, ఎవరమూ అడగలేదు. డ్రైవర్ని అడిగితే, వర్క్‌షాపుకి పంపేముందు రెండుసార్లూ కారు కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టానని చెప్పాడు.

"నీచు వాసనతో పంపితే రాజుగారి పరువేం కావాలండి?" అన్నాడు.

సత్తిబాబు సర్టిఫికెట్ సస్పెండ్ చేసినట్టు చెన్నై నుంచి ఆ సాయంత్రమే ఫ్యాక్స్ వచ్చింది. అది చదువుతుంటే తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనని, పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని వెంటనే రెండో ఉత్తరం పంపాను. సస్పెన్షన్ ఎత్తేయడానికి వాళ్లు మూడు వారాలు తీసుకున్నారు. ఉత్తరం పంపిన రోజే దాని కాపీ ఇచ్చి, మనసులో పెట్టుకోవద్దని సత్తిబాబుతో అన్నాను. అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

"మొదటిది మీటింగులో చదివారు కదండీ. ఇదీ అక్కడే చదవండి" అన్నాడు.

న్యాయమే. అయినా రెండు రోజులు ఆ కాగితం నా సొరుగులోనే ఉంది. నా కింద పనిచేసేవాళ్ల ముందు నా తప్పు నేనే చదవాలంటే మనసొప్పలేదు. ఆ రెండు రోజులూ సత్తిబాబు క్యాంటీన్‌లో ఒంటరిగా భోజనం చేయడం చూశాను. మూడో రోజు మీటింగులో చదివాను. సత్తిబాబు వెళ్లి పనిలో పడ్డాడు.

ఆ తర్వాత మా షెడ్డులో మాడ్యూల్ మార్చేముందు కార్పెట్ ఎత్తి చూడాలని, కారులో ఏమేం మోస్తారో అడిగి జాబ్ కార్డు మీద రాయాలని నియమం పెట్టాను. అది కార్ల గురించి నేర్చుకున్నది. రెండోది నా గురించి. ఫ్యూజు మార్చాలన్నా ముందు మీటరు పెట్టి చూసే నేను, ఒక మనిషి పేరు కాగితం మీద రాసేటప్పుడు ఏదీ పరీక్షించలేదు.