రత్తమ్మ గ్లాసు

నందిగామ బస్టాండు వెనక సందులో చిన్న కాన్పుల ఆస్పత్రి ఒకటుండేది. అందులో ఆయా, జగ్గయ్యపేట నుంచి వచ్చే రత్తమ్మ. డాక్టరమ్మ నోరు తెరిచి చెప్పలేని సంగతి రత్తమ్మ గ్లాసు చెప్పేసేది. కిటికీ గూట్లో బోర్లించిన ఆ స్టీలు గ్లాసు ఆవిడ చేతిలోకి తీసుకుందంటే, వరండాలో కూర్చున్న క్రైస్తవుల ఇళ్ల ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. బిడ్డ దక్కడని అర్థం.

ఇదేమీ ఆవిడ తనంతట తను నెత్తికెత్తుకున్న పెత్తనం కాదు. జగ్గయ్యపేట లూథరన్ గుడి పాస్టరు బాలస్వామి అయ్యగారు 1991లో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన పని. వాళ్ల సంఘంలో పసితనంలోనే బాప్తిస్మం ఇస్తారు, బిడ్డని దేవుడికి అప్పగించే నీళ్లన్నమాట. బిడ్డ ఆదివారం దాకా ఆగేలా లేకపోతే విశ్వాసి ఎవరైనా ఇవ్వచ్చు, ఆడదైనా సరే, ఆయా అయినా సరే. పేరు పెట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామం చెబుతూ తల మీద మూడుసార్లు నీళ్లు పోయాలి. అంతే. కాకపోతే బిడ్డ ప్రాణంతో ఉండాలి. పోయాక పోస్తే అవి వట్టి నీళ్లే. తరవాత పాస్టరు అందరి ముందూ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎవరిచ్చారు, దేనితో ఇచ్చారు, ఏ మాటలతో ఇచ్చారు. జవాబులు సరిగ్గా ఉంటే బిడ్డ పేరు గుడి రిజిస్టరుకెక్కుతుంది. ఇక మళ్లీ ఇవ్వరు.

తల్లో తండ్రో అడిగితేనే పోసేది రత్తమ్మ. వేరే మతం వాళ్ల బిడ్డల జోలికి ఎప్పుడూ పోలేదు. ఆరేళ్లలో పదకొండు మందికి పోసింది. ఇద్దరు బతికారు. ఆ ఇద్దరూ గుళ్లో అల్లరి చేస్తుంటే "దొంగ వెధవలు, నా గ్లాసునే ఓడించారు," అని మురిసిపోయేది. మిగతా తొమ్మిది మంది గురించి మాట్లాడేది కాదు.

1997 ఎండాకాలంలో కూతురు జయమణికి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. పెళ్లయిన ఆరేళ్లకి నిలిచిన కడుపు. జగ్గయ్యపేట నుంచి తీసుకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మగపిల్లాడు. దోసిట్లో ఇమిడేంత ఉన్నాడు, ఒళ్లంతా నీలం. తల్లికి రక్తం ఆగక డాక్టరమ్మ, నర్సు అటే ఉండిపోయారు. బిడ్డ అమ్మమ్మ చేతుల్లోకి వచ్చాడు.

"అమ్మా, నీళ్లు పొయ్యవే," అంది జయమణి బల్ల మీదనుంచి. "నాన్న పేరు పెట్టు." ఆ తరవాత ఆ పిల్లకి స్పృహ లేదు.

నాన్న అంటే నాలుగేళ్ల కిందట పోయిన రత్తమ్మ మొగుడు దేవసహాయం.

తోటి ఆయా రహీమాబీకి ఇదంతా చూసి చూసి అలవాటే. గ్లాసు కడిగి, నీళ్లు నింపి తెచ్చింది. "ఇదిగో రత్తమ్మా."

"అవతల పెట్టు దాన్ని!" అని అరిచింది రత్తమ్మ. "గ్లాసు పట్టుకొచ్చి నించున్నావేంటి? వీడు బతుకుతాడు!"

పదకొండు మందికి చెయ్యి వణక్కుండా పోసిన మనిషి. తన మనవడి దగ్గరికొచ్చేసరికి, ఆ గ్లాసు ముట్టుకుంటే వాడి చావుకి తనే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. అంత తెలిసిన మనిషికి ఇంత తెలివితక్కువ ఆలోచన ఎలా వచ్చిందని అడక్కండి, వచ్చింది. నోట్లో నోరు పెట్టి ఊదింది. వీపు రుద్దింది, అరికాళ్లు తట్టింది, మళ్లీ ఊదింది. బిడ్డ రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. రెండోసారి వేళ్లు ముడిచాడు. "చూశావా, చూశావా!" అంది రహీమాబీతో. ఆ తరవాత వాడు కదల్లేదు. రహీమాబీ భుజం పట్టుకుని లాగేదాకా రత్తమ్మ ఊదుతూనే ఉంది. గ్లాసులో నీళ్లు నిండుగా అలాగే ఉన్నాయి.

సాయంత్రం జయమణి కళ్లు తెరిచి ఒక్కటే అడిగింది. "పోశావా?"

"పోశానమ్మా."

అక్కడితో ఆగితే, కూతురి కోసం తల్లి ఆడిన అబద్ధమని సరిపెట్టుకోవచ్చు. కానీ మర్నాడు సమాధుల తోటలో బాలస్వామి అయ్యగారు పద్ధతి ప్రకారం మూడు ప్రశ్నలూ అడిగారు. ఎవరిచ్చారు? నేనేనండి. దేనితో? నీళ్లతోనండి. ఏ మాటలతో? రత్తమ్మ ఆ మాటలు కూడా చెప్పింది, పొల్లుపోకుండా. అయ్యగారు రిజిస్టరులో దేవసహాయం అని రాసుకున్నారు.

ఆ తరవాత ఆవిడ గ్లాసు తియ్యలేదు. ఎవరైనా అడిగితే చేతులు వణుకుతున్నాయని చెప్పి ఆ ఇంటివాళ్ల చేతే పోయించేది. గుడికి వెళ్లేది గానీ, అబద్ధం కడుపులో పెట్టుకుని ప్రభు భోజనం రొట్టె ముట్టకూడదని, ముందుకెళ్లి మోకరించేది కాదు. మోకాళ్ల నొప్పులంది. ఎనిమిదేళ్లూ మోకాళ్ల నొప్పులే. జయమణికి మళ్లీ కడుపు పండలేదు. ఎవరింట్లో పసిబిడ్డ పోయినా తను వెళ్లి ఆ తల్లి పక్కన కూర్చునేది. "మావాడికి మా అమ్మే పోసిందమ్మా. ఆ ధైర్యంతోనే బతుకుతున్నా," అని చెప్పేది. పక్కన రత్తమ్మ ఉండగానే చెప్పేది.

2005లో రిటైరవుతూ బాలస్వామి అయ్యగారు ఇంటికొచ్చారు. "నేను ఇక్కణ్ణుంచి వెళ్లిపోయేలోపు నా చేత్తో ఒక్కసారైనా రొట్టె తీసుకోవా రత్తమ్మా?" అన్నారు. రత్తమ్మ తట్టుకోలేకపోయింది. మొత్తం చెప్పేసింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దేవుడు మనకి బాప్తిస్మం ఇమ్మని చెప్పాడు గానీ, నీ గ్లాసు లేకపోతే తన వల్ల కాదని చెప్పలేదు. ఆ తల్లి అడిగింది, ఆయన విన్నాడు. బిడ్డ గురించి భయపడకు. కానీ రిజిస్టరులో అబద్ధం ఉండకూడదు, కొట్టెయ్యాలి. జయమణికి తెలియకుండా కొట్టెయ్యలేను. నువ్వే చెప్పాలి."

రత్తమ్మ చెప్పిందంతా జయమణి బియ్యం ఏరుతూ వింది. చాట కింద పెట్టింది.

"ఎంతమంది తల్లులకి చెప్పానో తెలుసా అమ్మా?"

"తెలుసు. పక్కనే ఉన్నాగా."

"వాణ్ణి బతికించమని కూడా అడగలేదు నేను. నీళ్లు పొయ్యమన్నా." తల్లి వైపు తిరిగింది. "వాడు ఊపిరి తీసుకుంటున్నప్పుడు ఏం చేస్తున్నావ్?"

"ఊదుతున్నా."

"ఎంతసేపు?"

"పోయాక కూడా. రహీమాబీ లాగేసేదాకా."

జయమణి లేచి ముఖం కడుక్కుంది. "పద గుడికి," అంది.

అయ్యగారు రిజిస్టరు తీసి ఆ పేజీ చూపించారు. జయమణి పేరు మీద వేలు పెట్టింది. "వాడికి పుట్టిన సర్టిఫికెట్టు లేదండి. రేషన్ కార్డులో ఎక్కలేదు. సమాధి మీద చెక్క సిలువ ఎప్పుడో వానలకి పోయింది. వాడి పేరున్నది ఇక్కడొక్కచోటే."

అయ్యగారు కలం కింద పెట్టేశారు.

"కొట్టెయ్యండి," అంది జయమణే, వేలు తీసేసి. "వాడు అబద్ధంలో ఉండొద్దు."

స్కేలు పెట్టి ఒక్క గీత గీశారాయన. గీత కింద పేరు కనబడుతూనే ఉంది. రత్తమ్మ కూతురి చెయ్యి పట్టుకోబోయింది. జయమణి చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఎనిమిదేళ్ల తరవాత రత్తమ్మ ముందుకెళ్లి మోకరించింది. అయ్యగారు నాలుక మీద రొట్టె పెట్టారు. మింగాక, జయమణి ఎప్పుడూ మోకరించే ఎడమ చివరికి చూసింది. అక్కడ ఎవరూ లేరు.