వైర్లమ్మ ఏరి తెచ్చుకున్న నాలుగు పెట్టెలు

ఒక ఆదివారం పొద్దున మా పై వాటాలోకి నాలుగు ఇనప పెట్టెలు ఎక్కాయి. టీవీలు కావు, మిక్సీలు కావు. ఒకవైపు వరసగా చిన్న చిన్న చదరపు కంతలు, పక్కన ఫ్యాను. అవేమిటో తెలిసేదాకా నాకు అన్నం సహించదు. చేతిలో పని అక్కడే వదిలేసి మెట్లెక్కాను.

ఆ వాటాలో ఉండేది వైర్లమ్మ. అసలు పేరు వేరే ఉన్నా వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆఫీసు భవనాల్లో నిచ్చెనెక్కి కంప్యూటర్ వైర్లు లాగడం ఆమె పని. ఏ తీగ ఏ గదిలో తేలుతుందో కళ్లు మూసుకుని చెబుతుంది. ఈ మధ్య మోకాలు అరిగింది. నిచ్చెన మాటే ఎత్తవద్దన్నాడు డాక్టరు. నెట్‌వర్క్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెస్తే కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తానని, నెలాఖరు దాకా ఆ ఖాళీ ఎవరికీ ఇవ్వనని సూపర్‌వైజరు మాటిచ్చాడట. తప్పితే ఈ పనీ ఉండదు, ఆ పనీ రాదు. ఇంట్లో సాధన చేయడానికే పాతసామాను కొట్లో ఏరి తెచ్చుకున్న ఈ పెట్టెలు.

“ఏం చూసి ఏరావే వీటిని?” అన్నాను.

“కంతలు లెక్కపెట్టాను పిన్నీ. వదులయ్యాయేమోనని ఒక్కోదాంట్లో వైరు గుచ్చి చూశాను. ఈ రెండూ స్విచ్‌లు, ఒక ఇంట్లోవాళ్లని కలుపుతాయి. ఆ రెండూ రూటర్లు, ఈ ఇంటి కబురు ఆ ఇంటికి చేరేస్తాయి.”

“ఆ పని నేను ఎప్పట్నించో చేస్తున్నాగా.”

“అవును పిన్నిగారూ, మీకు కరెంటు కూడా అక్కర్లేదు,” అన్నాడు ఆమె మొగుడు. బస్సు డ్రైవరు. భోజనాల బల్ల మీద తన కంచానికి చోటు వెతుక్కుంటున్నాడు.

“మరి లోపల ఏముంటుంది?” అని అడిగాను. లోపల సాఫ్ట్‌వేర్ ఉంటుందని, దానికో వెర్షన్ నంబరు ఉంటుందని చెబుతూ రూటర్‌ను కంప్యూటర్‌కు తగిలించింది. తెర మీద పన్నెండు అని వచ్చింది. గోడకు అంటించిన పరీక్ష పాఠాల కాగితంలో పదిహేను అని ఉంది. వైర్లమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. పదకొండేళ్లూ ఆమె చూసింది కంతలనే. లోపలి సంగతి వేరేవాళ్ల పని.

సూపర్‌వైజరు అనుమతితో ఆఫీసు నుంచి కొత్త వెర్షన్లు తెచ్చుకుంది. మరుసటి ఆదివారం నేను ముందే వెళ్లి కుర్చీ వేసుకున్నాను.

“పదిహేనెందుకు, అన్నిటికన్నా కొత్తదే వేసేస్తాను,” అంది. చోటు చాలదంది పెట్టె. చోటు కోసం లోపలున్న పాతదాన్ని చెరిపేసింది. అయినా కొత్తది పట్టలేదు. పెట్టెను ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఫ్యాను తిరిగింది, దీపాలు వెలిగాయి, తెర మీద మాత్రం ఒకే ఒక్క పొట్టి వరస. ఏం కొట్టినా అదే వరస.

“ఏమంటోంది?” అన్నాను.

“తనకేమీ తెలీదంటోంది పిన్నీ.”

“పాతది ఇంకెక్కడైనా దాచావా?”

లేదన్నట్టు తలూపింది. పరీక్షకు మూడు వారాలే ఉన్నాయి. డ్రైవరు పెళ్లాం మొహం చూసి మంచినీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

నాకు నోరు ఊరుకోదు. “ఆ రెండోదాంట్లో ఏముంది?” అన్నాను.

“అదే మోడల్. దాంట్లోనూ...” అని ఆగిపోయింది. గ్లాసు ముట్టకుండానే లేచింది. ముట్టని ఆ రెండో రూటర్‌లోంచి పాత వెర్షన్‌ను కంప్యూటర్‌లోకి తీసుకుని, అక్కడినుంచి మొదటిదాంట్లోకి పంపింది. తెర మీద ఒక్కొక్క చుక్కే పడుతూ వచ్చింది. మధ్యాహ్నమంతా ఆ చుక్కలు చూస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి పెట్టె మాట్లాడింది.

అప్పుడు తీరుబడిగా ప్రతి పెట్టెలో ఎంత చోటుందో కాగితం మీద రాసుకుంది. పదిహేనులోనే చిన్నది ఒకటి రూటర్లలో పట్టింది. స్విచ్‌లలో అదీ పట్టదు కనుక వాటిని ఉన్న పన్నెండుతోనే ఉంచేసింది. వాటి మీద కుదరని రెండు పాఠాలను కంప్యూటర్‌లోనే బొమ్మ స్విచ్‌లు పెట్టి చేసుకుంది. బొమ్మదాంట్లో వైరు ఎలా గుచ్చుతావని అడిగాను. మౌస్‌తో గీత గీసి చూపించింది. ఆ గీతలు గీసేటప్పుడు మాత్రం ఆమె మొహంలో పెద్ద సంతోషం కనపడలేదు.

పరీక్షనాడు మధ్యాహ్నం తిన్నగా మా ఇంటికే వచ్చింది. పాసైంది. వీపు నిమిరి, ముందు కూర్చోబెట్టి, “ఏమేం అడిగారు? మొదటి ప్రశ్న ఏమిటి?” అన్నాను.

“చెప్పకూడదు పిన్నీ. బయట చెప్పనని ఒప్పుకున్నాకే లోపల కూర్చోనిచ్చారు.”

“నాక్కూడానా?”

“నీకు అసలే చెప్పకూడదు.”

ఆ ప్రశ్నలు నాకు ఇంతవరకూ తెలియవు. అందుకని సోమవారం నుంచి ఆమె కూర్చోబోయే గది సంగతైనా చెప్పమన్నాను. కిటికీ లేదట. పెట్టెలు వేడెక్కకుండా రోజంతా ఏసీ వేసి ఉంచుతారట. బట్టల పెట్టె అడుగున ఉన్న నా ఉన్ని శాలువా తీసి ఎండలో వేశాను, సోమవారానికి ఆమెకు కావాలి కదా.